పాఠకుల ప్రశ్నలు: వెంబ్లీని ఎందుకు కూల్చారు, మళ్లీ ఎలా కట్టారు?

గత సంచికలో లండన్ వెంబ్లీ స్టేడియం గురించి ఒక చిన్న బాక్స్ వేశాం. 1923లో తెరిచిన పాత స్టేడియాన్ని 2002-03లో నేలమట్టం చేసి, అదే చోట కట్టిన కొత్తదాన్ని 2007లో తెరిచారని, అంతే. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య మా సినిమా పేజీకి కూడా రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వెంబ్లీకే. ఒకే ప్రశ్న చాలామంది అడిగిన చోట ఒకరిది మాత్రమే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, ఫొటోలో ఆ జంట బురుజులు ఎంత బావున్నాయో! పాత కట్టడాలు కాపాడుకోవడం మనకి చేతకాదని మనల్ని మనమే తిట్టుకుంటాం కదా, మరి ఇంగ్లండ్ వాళ్లు కూడా ఎనభై ఏళ్ల కట్టడాన్ని కూల్చేస్తే ఎలా? రిపేరు చేసుకుంటే పోయేదిగా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

పాత స్టేడియం ముందున్న ఆ బురుజులు అందంగానే ఉండేవి, కాదనను. ఒక్కొక్కటి 126 అడుగుల ఎత్తు, కాంక్రీటుతో కట్టినవి, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడే ప్రతి పిల్లాడికీ వాటి మధ్యనుంచి నడిచి వెళ్లి కప్పు ఫైనల్ ఆడాలని కల. కానీ బాబూ, బురుజుల్లో కూర్చుని ఎవరూ మ్యాచ్ చూడలేదు. మ్యాచ్ చూడాల్సిన చోట సంగతి వేరు. పైకప్పుని మోసే స్తంభాలు చాలా సీట్లకి అడ్డం. గోల్ పడే క్షణంలో మీకు స్తంభం మాత్రమే కనిపిస్తే టికెట్ డబ్బులు ఎవరిస్తారు? పైగా మైదానం చుట్టూ కుక్కల పందేల ట్రాక్ ఒకటి ఉండేది, దానివల్ల ముందు వరస వాళ్లు కూడా ఆటకి దూరంగానే ఉండేవాళ్లు. 

1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి మొత్తం 97 మంది చనిపోయారు. ఆ తర్వాత పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే పద్ధతి మాన్పించి అందరికీ సీట్లు వేయమన్నారు. వెంబ్లీలో మెట్లు కట్టిందేమో జనం నిలబడటానికి, వాటిమీదే కుర్చీలు బిగించారు. మోకాళ్లు ముందువాడి వీపుకి తగలక ఏం చేస్తాయి! లక్ష మంది పట్టే చోటు ఎనభై వేలకి దిగింది, సుఖం మాత్రం పెరగలేదు.

2000 అక్టోబర్ 7న అక్కడ ఆఖరి మ్యాచ్. వానలో జర్మనీ 1-0తో ఇంగ్లండ్‌ని ఓడించింది, గోల్ కొట్టింది డైట్‌మర్ హామన్. మ్యాచ్ అయిన కాసేపటికే ఇంగ్లండ్ మేనేజర్ కెవిన్ కీగన్ రాజీనామా చేశాడు, అదీ స్టేడియం టాయిలెట్ దగ్గర నిలబడి అధికారులతో మాట్లాడుతూ. అంత పెద్ద స్టేడియంలో నలుగురు విడిగా మాట్లాడుకోవడానికి ఒక గది దొరకలేదన్నమాట. కూల్చడం సరైన పనేనని నా అభిప్రాయం. కట్టిన తీరు మాత్రం వేరే కథ, కింద వస్తుంది.

ప్రశ్న: మొదటి మ్యాచ్‌కే రెండు లక్షల మంది వచ్చారని, ఒక్క గుర్రం వాళ్లందరినీ అదుపు చేసిందని మా నాన్నగారు చెప్పేవారు. ఇందులో నిజమెంత?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జనం సంగతి నిజం, గుర్రం సంగతి సగం నిజం. 1923 ఏప్రిల్ 28, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల మధ్య ఏటా జరిగే ఎఫ్‌ఏ కప్ పోటీ ఫైనల్, బోల్టన్ వాండరర్స్‌కీ వెస్ట్‌హామ్ యునైటెడ్‌కీ. స్టేడియం పని పూర్తయి నాలుగు రోజులే అయింది. కొత్త స్టేడియం అంత పెద్దది కదా, ఎంతమంది వచ్చినా పడతారులే అనుకున్నారు నిర్వాహకులు, అందుకే టికెట్లన్నీ ముందే అమ్మే ఏర్పాటు చేయలేదు, గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికి పోవచ్చు. వెస్ట్‌హామ్ లండన్ జట్టే కాబట్టి లండన్ సగం కదిలొచ్చింది. అధికారిక లెక్క 1,26,047. నిజంగా లోపలున్నది రెండు లక్షలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు. గేట్లు మూసేశాక గోడలెక్కి దూకారు, లోపలున్నవాళ్లు తోపులాటకి తట్టుకోలేక మైదానంలోకి వచ్చేశారు. ఆట మొదలవ్వాల్సిన సమయానికి మైదానంలో గడ్డి కనిపించలేదు, అన్నీ టోపీలే. రాజు అయిదో జార్జి కూడా వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు గుర్రాలమీద పోలీసులు దిగారు. వాళ్లలో జార్జ్ స్కోరీ అనే కానిస్టేబుల్ ఎక్కిన గుర్రం పేరు బిల్లీ. అసలు రంగు బూడిద రంగు, కానీ ఆనాటి నలుపు తెలుపు ఫిల్ములో తెల్లగా పడింది, జనానికి ఆ ఒక్క గుర్రమే కనపడింది, మిగతా గుర్రాలు చరిత్రలో కలిసిపోయాయి. వాళ్లంతా కలిసి జనాన్ని మెల్లగా గీతల వెనక్కి నెట్టారు. 45 నిమిషాలు ఆలస్యంగా ఆట మొదలైంది. రెండో నిమిషంలోనే డేవిడ్ జాక్ గోల్ కొట్టాడు, బంతి వెనక వలకి ఆనుకుని నిలబడ్డ ఒకాయనకి తగిలిందని చెబుతారు. విరామంలో ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌కి పోదామన్నా దారి లేదు, మైదానంలోనే ఉండిపోయారు. చివరికి బోల్టన్ 2-0తో గెలిచింది. వెయ్యి మంది దాకా దెబ్బలు తగిలాయి గానీ అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. మరుసటి ఏడాది నుంచి ఫైనల్‌కి ముందే టికెట్ కొనాలన్న నియమం వచ్చింది.

మీ నాన్నగారు చెప్పి ఉండని సంగతి ఒకటి. స్కోరీకి ఫుట్‌బాల్ అంటే ఏమాత్రం ఇష్టం లేదు. ఆ తర్వాతి ఫైనల్స్‌కి ఆయనకి ఫ్రీ టికెట్లు పంపితే ఒక్కదానికీ వెళ్లలేదట. కొత్త స్టేడియం దగ్గర రైల్వే స్టేషన్ వైపు వెళ్లే పాదచారుల వంతెనకి మాత్రం వైట్ హార్స్ బ్రిడ్జ్ అని పేరు పెట్టారు.

ప్రశ్న: అన్నా, నేను ఎంఎస్‌కి వచ్చి వెంబ్లీ పార్క్ స్టేషన్ దగ్గర రూమ్ తీసుకున్నాను. రోజూ స్టేడియం ముందునుంచే వెళతాను. స్టేడియం రాకముందు ఇక్కడ ఏముండేది? పొలాలేనా?
– పాఠకుడు, లండన్

నువ్వు దిగే స్టేషన్‌లోనే జవాబు ఉంది తమ్ముడూ. సర్ ఎడ్వర్డ్ వాట్కిన్ అని మెట్రోపాలిటన్ రైల్వే కంపెనీకి పెద్ద ఒకాయన ఉండేవాడు. పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టేసరికి ఈయనకి నిద్ర పట్టలేదు. దానికంటే ఎత్తయిన టవర్ లండన్‌లో కట్టాలి, అది చూడ్డానికి జనం తన రైలు ఎక్కి రావాలి, టికెట్లు తెగాలి, అదీ లెక్క. 1890ల్లో వెంబ్లీ పార్కులో పని మొదలైంది, 1894లో స్టేషన్ తెరిచారు. టవర్ మొదటి అంతస్తు దాకా లేచింది, 154 అడుగులు. అక్కడితో ఆగిపోయింది. డబ్బులైపోయాయి, కింద మెత్తటి నేల కాబట్టి కాళ్లు కుంగాయి. 1907లో మందుపాతర పెట్టి పేల్చేశారు. దానికి జనం పెట్టిన పేరు 'వాట్కిన్ పిచ్చిపని'.

ఖాళీ అయిన ఆ చోటే తర్వాత బ్రిటిష్ సామ్రాజ్య ఎగ్జిబిషన్‌కి ఇచ్చారు. 1924-25లో జరిగింది, ప్రపంచంలో తమ పాలన ఎక్కడెక్కడ ఉందో అక్కడి సరుకంతా తెచ్చి చూపించే పెద్ద తిరునాళ్లు అనుకో. అందులో భాగంగా ఏడున్నర లక్షల పౌండ్లతో 300 రోజుల్లో ఈ స్టేడియం కట్టారు. పేరు కూడా ఎంపైర్ స్టేడియం. 300 రోజులు అన్న అంకె గుర్తుంచుకో, కింద కొత్తదాని ఆలస్యం గురించి చదివినప్పుడు నవ్వొస్తుంది.

ఎగ్జిబిషన్ అయిపోయాక స్టేడియాన్ని కూడా పడగొట్టేవారే. కాపాడింది ఆర్థర్ ఎల్విన్ అనే ఆయన. ఎగ్జిబిషన్‌లో సిగరెట్ల కొట్టులో పనిచేసినవాడు, తర్వాత అక్కడి కట్టడాలు కొని పడగొట్టి తుక్కు అమ్ముకుంటూ పైకొచ్చాడు, 1927లో లక్షా 27 వేల పౌండ్లకి స్టేడియమే కొనేశాడు. ఏడాదికి నాలుగు ఫుట్‌బాల్ మ్యాచ్‌లతో ఇల్లు గడవదని కుక్కల పందేలు పెట్టాడు. పెద్ద పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్స్ అన్నీ మనం చెప్పుకుంటాం కానీ చాలా ఏళ్లపాటు వెంబ్లీని పోషించింది ఆ కుక్కలే.

ఇంకో విచిత్రం. 2000ల్లో కొత్త స్టేడియం కోసం మైదానాన్ని లోతుగా తవ్వుతుంటే వాట్కిన్ టవర్ పునాదులు బయటపడ్డాయి.

ప్రశ్న: స్వతంత్ర భారతదేశం మొదటి ఒలింపిక్ బంగారు పతకం వెంబ్లీలోనే గెలిచిందంటే మా పిల్లలు నమ్మడం లేదు. హాకీ అక్కడెందుకు ఆడారు?
– హాకీ కోచ్, విజయవాడ

పిల్లలకి ఈ పేజీ చూపించండి. 1948 ఒలింపిక్స్ లండన్‌లో జరిగాయి. యుద్ధం అయిపోయి మూడేళ్లే, తిండికి కూడా రేషన్, కొత్తగా ఒక్క స్టేడియం కట్టే స్తోమత లేదు. ఉన్న వెంబ్లీనే వాడుకున్నారు. కుక్కల ట్రాక్ తీసేసి పరుగు పందేలకి ట్రాక్ వేశారు, స్టేషన్ నుంచి స్టేడియానికి వెళ్లే ఒలింపిక్ వే రోడ్డు జర్మన్ యుద్ధ ఖైదీలతో వేయించారు. హాకీ ఫైనల్ కూడా ఆ మైదానంలోనే, ఆగస్టు 12న. అవతల ఎవరు? బ్రిటన్. తెల్లవాడు దేశం వదిలి వెళ్లి మొదటి వార్షికోత్సవానికి ఇంకా మూడు రోజులు ఉందనగా, వాడి ఊళ్లో, సామ్రాజ్యం పేరు పెట్టుకున్న స్టేడియంలో, కిషన్ లాల్ కెప్టెన్‌గా మనవాళ్లు 4-0తో కొట్టారు. బల్బీర్ సింగ్ రెండు గోల్స్, తర్లోచన్ సింగ్, పాట్ జాన్సెన్ చెరొకటి. అంతకుముందు మూడు ఒలింపిక్స్‌లోనూ హాకీ బంగారం మనదే, కానీ అప్పుడు ఎగిరింది వాళ్ల జెండా.

నన్నడిగితే వెంబ్లీ చరిత్రలో 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ కంటే ఈ మ్యాచే పెద్దది. ఇంగ్లండ్ వాడు ఒప్పుకోడనుకోండి.

ప్రశ్న: 1966 ప్రపంచకప్‌లో ఒక మ్యాచ్‌ని కుక్కల పందెం కోసం వేరే చోటికి మార్చారా? వాట్సాప్‌లో వచ్చింది, నమ్మాలా వద్దా?
– పాఠకురాలు, తిరుపతి

ఈసారికి వాట్సాప్ నిజమే చెప్పింది. ఉరుగ్వే, ఫ్రాన్స్ మ్యాచ్ శుక్రవారం పడింది, ఆ రోజు వెంబ్లీలో కుక్కల పందేలు, యాజమాన్యం రద్దు చేయనంది. మ్యాచ్‌ని లండన్‌లోనే వైట్ సిటీ స్టేడియానికి మార్చారు.

ప్రశ్న: గురువుగారూ, నేను చిన్న సివిల్ కాంట్రాక్టర్ని. 300 రోజుల్లో పాతది కట్టినవాళ్లు కొత్తదానికి ఏళ్లకేళ్లు ఎందుకు తీసుకున్నారు? మా మీద మాత్రం అందరూ విసుక్కుంటారు!
– పాఠకుడు, విశాఖపట్నం

మీకు ఇది చదివితే కాస్త ఊరట కలుగుతుంది. పాతది 2000 అక్టోబర్‌లో మూశారు, 2003కల్లా కొత్తది తెరవాలని మొదటి మాట. కానీ మూసేశాక డబ్బు దగ్గర ఆగిపోయింది. బ్యాంకులు వెనకాడాయి, ప్రభుత్వం షరతులు పెట్టింది, రెండేళ్లు ఖాళీ స్టేడియం అలా పడి ఉంది. 2002లో అప్పు కుదిరాక ఆస్ట్రేలియాకి చెందిన మల్టీప్లెక్స్ అనే నిర్మాణ కంపెనీ కాంట్రాక్టు తీసుకుంది. ఎలా? లంప్‌సమ్‌లో. 44.5 కోట్ల పౌండ్లకి మొత్తం కట్టి ఇస్తాం, పెరిగితే మాదే భారం అని సంతకం పెట్టింది. ప్రపంచంలో అంతవరకూ ఎవరూ కట్టని ఆర్చి ఒకటి డిజైన్‌లో ఉండగా, లంప్‌సమ్! ఆ లైన్ చదవగానే మీరు తల పట్టుకుని ఉంటారు.

అనుకున్నట్టే అయింది. ఉక్కు పని చేసే సబ్ కాంట్రాక్టర్ క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్‌తో గొడవ మొదలైంది. డిజైన్లు ఆలస్యంగా వస్తున్నాయి, మారుతున్నాయి, మా బిల్లు కట్టండి అని వాళ్లు. పనే సరిగ్గా లేదు, లెక్క ఎక్కువేశారు అని వీళ్లు. 2004లో వాళ్లు పని వదిలేసి వెళ్లిపోయారు, డచ్ కంపెనీ ఒకటి మిగతాది అందుకుంది. ఆ ఏడాది మొదట్లోనే సైట్‌లో ఒక వడ్రంగి చనిపోయాడు. స్టేడియం గురించి రాసే వ్యాసాల్లో ఆ మనిషికి ఒక వాక్యం దొరకడమే గొప్ప.

2006 మే నెలలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అక్కడే ఆడిస్తామని చెబుతూ వచ్చి, ఫిబ్రవరిలో చేతులెత్తేశారు. మార్చిలో పైకప్పు ఉక్కు దూలం ఒకటి జారి కిందికి దిగింది, మూడు వేల మంది పనివాళ్లని బయటికి పంపేశారు. అదే నెలలో నేల కదిలి కింద వేసిన డ్రైనేజీ పైపులు వంగిపోయాయని తేలింది. ఆ నెలాఖరుకి, ఇక 2007కి గానీ పూర్తి కాదన్నారు. ఫైనల్ మళ్లీ కార్డిఫ్‌కి పోయింది, 2001 నుంచి 2006 దాకా ఇంగ్లండ్ వాళ్ల అతిపెద్ద ఫైనల్ వేల్స్ దేశంలో జరిగిందంటే వాళ్ల మొహాలు ఎలా ఉండుంటాయో ఊహించుకోండి. ఆ వేసవిలో వెంబ్లీలో పెట్టుకున్న కచేరీలు కూడా వేరే చోట్లకి మారాయి. చివరికి 2007 మార్చిలో తాళాలు అప్పగించారు. మే 19న ఫైనల్, చెల్సీ 1-0 మాంచెస్టర్ యునైటెడ్, గోల్ ద్రోగ్బాది.

అంతా కలిపి ఖర్చు దాదాపు 80 కోట్ల పౌండ్లు తేలింది, నిర్మాణం ఒక్కటే కాదు, స్థలం, అప్పు ఖర్చులు అన్నీ అందులోనే. మల్టీప్లెక్స్ గట్టిగా మునిగింది. ఇక కోర్టు సంగతి వినండి. క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్‌తో కేసు ఏళ్లపాటు నడిచి 2008లో తీర్పొచ్చింది. మల్టీప్లెక్స్‌కి దక్కింది 60 లక్షల పౌండ్ల పైచిలుకు. ఇద్దరూ కలిసి కేసుకి పెట్టిన ఖర్చు 2 కోట్ల 20 లక్షల పౌండ్లు. జిరాక్సులకే 10 లక్షల పౌండ్లయ్యాయి! జడ్జిగారే విస్తుపోయి తీర్పులో రాశారు. ఆ జిరాక్స్ డబ్బుతో 1923లో స్టేడియం మొత్తం కట్టి ఇంకా మిగిలేది (రూపాయి విలువ, పౌండు విలువ మారాయని నాకూ తెలుసు, ఉత్తరాలు రాయకండి).

తప్పెవరిది అంటే నేను ముందుగా సంతకం పెట్టినవాళ్లనే అంటాను. డిజైన్ పూర్తి కాకుండా లంప్‌సమ్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. మీరు తీసుకుంటారా చెప్పండి.

ప్రశ్న: ఆ పెద్ద ఆర్చి షోకేనా, ఏమైనా పని చేస్తుందా?
– డిప్లొమా విద్యార్థిని, హన్మకొండ

పనే చేస్తుంది, అందం ఉచితం. పాత స్టేడియంలో స్తంభాలు అడ్డమని పైన చెప్పాను కదా, కొత్తదాంట్లో ఒక్క సీటుకీ స్తంభం అడ్డం రాకూడదన్నది మొదటి షరతు. మరి కప్పు దేనిమీద ఆగాలి? బుట్టకి పైన చేతిపిడి ఉన్నట్టు స్టేడియం పైన ఆర్చి పెట్టి, దానికి తీగలు కట్టి, కప్పుని పైనుంచి వేలాడదీశారు. ఉత్తరం వైపు కప్పు బరువంతా ఆర్చిదే, దక్షిణం వైపు బరువులో 60 శాతం కూడా దానిదే. 133 మీటర్ల ఎత్తు, ఈ కొస నుంచి ఆ కొసకి 315 మీటర్లు, బరువు 1,750 టన్నులు. నేలమీద పడుకోబెట్టి కట్టి 2004లో మెల్లగా లేపి నిలబెట్టారు. ఆర్కిటెక్టులు నార్మన్ ఫాస్టర్ సంస్థ, హెచ్‌ఓకే స్పోర్ట్ కలిసి.

ఒక అపోహ చాలా మందికి ఉంది. ఈ కప్పు పూర్తిగా మూసుకోదు. సీట్లన్నిటి మీదికీ నీడ వస్తుంది, కొన్ని భాగాలు జరుగుతాయి, మైదానం మీద మాత్రం ఆకాశమే. వానొస్తే ఆటగాళ్లు తడవాల్సిందే.

ప్రశ్న: అంత ఖర్చు పెట్టి గడ్డి పెంచలేకపోయారట కదా?
– రైతు, అనంతపురం

ఈ ప్రశ్న రైతుగారు అడగడం బావుంది. చుట్టూ ఎత్తయిన స్టాండ్లు, పైన కప్పు, ఎండ తక్కువ, గాలి తక్కువ. దానికి తోడు అప్పు తీర్చాలి కాబట్టి ఒకరోజు కచేరీ, ఒకరోజు అమెరికన్ ఫుట్‌బాల్, మరోరోజు ఇంకేదో. గడ్డి వేరు పట్టేలోపే కొత్త తొక్కుడు. మూడేళ్లలో పదిసార్ల దాకా గడ్డి మార్చారు. 2010లో ఆటగాళ్లు జారిపడుతుంటే మేనేజర్లు బాహాటంగా తిట్టారు. ఆ ఏడాదే అసలు గడ్డి మధ్య ప్లాస్టిక్ పోగులు కుట్టే పద్ధతి తెచ్చారు, వేళ్లు ఆ పోగుల్ని పట్టుకుని నిలబడతాయి. అప్పటినుంచి గొడవ తగ్గింది. మీకు అర ఎకరం ఇచ్చి ఉంటే మొదటే చెప్పేవారు, నీడలో పైరు రాదని.

ప్రశ్న: హైదరాబాద్‌లో అంతర్జాతీయ క్రికెట్ లాల్ బహదూర్ స్టేడియం నుంచి ఉప్పల్‌కి మారినట్టు, వాళ్లు కూడా ఊరి చివర కొత్తది కట్టుకోవచ్చు కదా? పాతది అలాగే ఉంచేవాళ్లు.
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

ఆలోచించారు. డబ్బు కుదరక ఆగిన రోజుల్లో బర్మింగ్‌హామ్ మాకివ్వండి అంది. కానీ వెంబ్లీ అన్న పేరుకే సగం విలువ, అదీగాక స్టేషన్లు మూడు చుట్టూ ఉన్నాయి. తొంభై వేల మందిని రెండు గంటల్లో ఇంటికి పంపాలంటే రైలు లేకుండా కుదరదు. మ్యాచ్ రోజు మన ఉప్పల్ రోడ్డు చూసినవాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. స్థలం కొనడానికి జాతీయ లాటరీ నిధుల నుంచి 12 కోట్ల పౌండ్లు వచ్చాయి, పరుగు పందేలకి కూడా పనికొచ్చేలా కట్టాలన్న షరతుతో. ట్రాక్ వేస్తే జనం ఆటకి దూరమవుతారు, అంటే పాత జబ్బే మళ్లీ. మంత్రులు, ఫుట్‌బాల్ వాళ్లు, అథ్లెటిక్స్ వాళ్లు ఏళ్లు కొట్టుకుని చివరికి ఒక మధ్యేమార్గం రాసుకున్నారు. కావలసినప్పుడు కింది సీట్ల మీద వేదిక వేసి దానిమీద ట్రాక్ పరుస్తారట, అప్పుడు సీట్లు 60 వేల చుట్టూ మిగులుతాయి. ఆ వేదిక ఒక్కసారీ వేయలేదు. 2012 ఒలింపిక్స్ పరుగు పందేలకి లండన్‌లో వేరే స్టేడియమే కట్టారు, వెంబ్లీకి ఫుట్‌బాల్ వచ్చింది. లాటరీ డబ్బు సంగతి అడక్కండి.

ప్రశ్న: పాత స్టేడియంలో కెప్టెన్ 39 మెట్లెక్కి కప్పు అందుకునేవాడని విన్నాను. ఇప్పుడు?
– పాఠకుడు, ఒంగోలు

107. రెండు గంటలు పరిగెత్తి గెలిచాక 107 మెట్లు. ఓడినవాళ్లు కూడా పతకాల కోసం అవే మెట్లెక్కాలి, పాపం.

ప్రశ్న: ఇన్ని కోట్లు పెట్టి కట్టాక ఇప్పుడైనా జనానికి భద్రత ఉందా?
– పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన పాఠకుడు, కర్నూలు

కట్టడం వరకు ఉంది. టాయిలెట్లే 2,618, కట్టినప్పుడు ప్రపంచంలో ఏ స్టేడియంలోనూ అన్ని లేవని చెప్పుకున్నారు. కానీ 2021 జులై 11న యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్, ఇంగ్లండ్, ఇటలీ మధ్య, మీలాంటి వాళ్లకి వణుకు పుట్టించే రోజు. కొవిడ్ వల్ల సీట్లన్నీ అమ్మలేదు, లోపల ఖాళీలున్నాయని ఊరందరికీ తెలుసు. టికెట్ లేని వేలమంది పొద్దుటినుంచే తాగి చేరారు. సిబ్బందిని నెట్టి, వికలాంగుల కోసం పెట్టిన గేట్లు తోసి, దాదాపు రెండు వేల మంది లోపలికి చొరబడ్డారని తర్వాత ఆ గొడవ మీద లూయీజ్ కేసీ చేసిన విచారణలో తేలింది. ప్రాణాలు పోకపోవడం కేవలం అదృష్టమేనని ఆ నివేదిక సారాంశం. ఇంగ్లండ్ పెనాల్టీల్లో ఓడింది. గెలిచి ఉంటే బయటున్న గుంపు సంబరంతో లోపలికి తోసుకొచ్చి ఇంకా పెద్ద ప్రమాదం జరిగేదని కూడా అందులో రాశారు.

1923లో ఎంతమందొచ్చినా పడతారులే అనుకున్నారు, 2021లో టికెట్ ఉన్నవాళ్లే వస్తారులే అనుకున్నారు. ఏడాది దాటాక, 2022 జులై 31న, అక్కడే మహిళల యూరో ఫైనల్‌కి 87,192 మంది వచ్చారు. పురుషులదీ మహిళలదీ కలిపి యూరో చరిత్రలో అదే రికార్డు, ఇంగ్లండ్ అమ్మాయిలు 2-1తో జర్మనీని ఓడించారు, పిల్లాపాపలతో వచ్చినవాళ్లు హాయిగా ఇంటికి పోయారు. అదే స్టేడియం, అవే గేట్లు.

ప్రశ్న: కూల్చిన పాత రాళ్లూరప్పలు ఏమయ్యాయి? అభిమానులు పట్టుకుపోయారా?
– పాఠకుడు, ఖమ్మం

సీట్లు, సామాను కొంత అమ్ముడుపోయింది. ఒక బురుజు పైభాగాన్ని దగ్గర్లోని ఒక కాలనీ పార్కులో జ్ఞాపకంగా పెట్టారు. కాంక్రీటు శిథిలాలు చాలావరకు పడమటి లండన్‌లో నార్తాలా ఫీల్డ్స్ అనే పార్కుకి వెళ్లాయి. వేరే పెద్ద నిర్మాణాల మట్టి కూడా కలిపి నాలుగు గుట్టలు పోసి, పైన గడ్డి పెంచారు. పెద్ద గుట్ట ఎక్కితే కొత్త ఆర్చి కనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళుతున్నాం. 2015లో మన ప్రధాని మాట్లాడింది అక్కడేగా. లోపల చూడనిస్తారా? మావారు ఫుట్‌బాల్ అంటే ఆమడ దూరం, నాకే సరదా.
– గృహిణి, రాజమండ్రి

అక్కడేనండీ, 2015 నవంబర్ 13న, 60 వేల మంది దాకా వచ్చారు. చూడనిస్తారు, టికెట్ పెట్టి టూర్ ఉంటుంది, డ్రెస్సింగ్ రూములు, ఆటగాళ్లు బయటికొచ్చే సొరంగ మార్గం, కప్పు అందుకునే చోటు చూపిస్తారు. మ్యాచ్‌గానీ కచేరీగానీ ఉన్న రోజుల్లో మామూలుగా టూర్లు ఉండవు, అబ్బాయిని ముందే చూసి బుక్ చేయమనండి. మెట్రోపాలిటన్ లైన్‌గానీ జూబ్లీ లైన్‌గానీ ఎక్కి వెంబ్లీ పార్క్‌లో దిగండి. మీవారికి విసుగొస్తే ఈలింగ్ రోడ్డుకి పంపేయండి, మన కూరగాయలు, చీరల కొట్లు, దోసెలు అన్నీ ఉంటాయి, మీరొచ్చేదాకా కాలక్షేపం.